పిల్లలున్న పనోళ్ళ కుటుంబాలకి గవర్నమెంటు డబ్బు: మా తిరుపతి, చిత్తూరు వైపు అమ్మలు అడిగే ప్రశ్నలు

కొర్లగుంటలో మా జెరాక్స్ షాపు కాడికి జూన్ నెల వచ్చిందంటే చాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో ఆధార్లు, పాసుబుక్కు, పిల్లోడి స్టడీ సర్టిఫికెట్టు పెట్టుకొని అమ్మలు వస్తానే ఉంటారు. పూలు కట్టేవాళ్ళు, హోటల్లో పాత్రలు తోమేవాళ్ళు, కొండకి టాక్సీ నడిపేవాళ్ళ ఇంటోళ్ళు, కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చేవాళ్ళు, అందరిదీ అదే డౌటు. నేనేం ఆఫీసర్ని కాదు, ఈ కాయితాలతో ఆరేళ్ళుగా కూర్చుంటా ఉండా కాబట్టి తెలిసింది. అడిగిందే మళ్ళీ అడగతా ఉండారు కాబట్టి ఒకసారి రాసి పెట్టేస్తే ఎవరికి ఏది కావాలో అది చూసుకుంటారు. ఒక్క మాట ముందే చెప్తా, నా కాడికి వచ్చినోళ్ళలో డబ్బు రానోళ్ళు చాలామందికి అర్హత లేక కాదు, రికార్డుల్లో ఎక్కడో ఒక తప్పు ఉండి రాలేదు, ఆ తప్పు దిద్దించుకోవచ్చు.

## కడుపుతో ఉన్నప్పటి నించి అంగన్‌వాడీ దాకా

నాకు ఇప్పుడు అయిదో నెల. మొదటి కాన్పుకి సెంట్రల్ గవర్నమెంటు 5 వేలు ఇస్తాదంట కదా, యాడ రాయించుకోవాల?

ఇస్తారు, దాని పేరు ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మీ వీధి అంగన్‌వాడీ టీచరు కాడికో ఆశా వర్కరు కాడికో పోండి, వాళ్ళే ఆన్‌లైన్లో ఎక్కిస్తారు. మొదటి బిడ్డకి 5,000, రెండు విడతలు. గర్భం రిజిస్టర్ చేయించుకొని, చివరి నెలసరి తేదీ నించి ఆరు నెలల్లోపు ఒక్కసారన్నా డాక్టరు చెకప్ అయ్యుంటే 3,000 వస్తాది. బిడ్డ పుట్టి, బర్త్ రిజిస్ట్రేషన్ అయ్యి, పద్నాలుగు వారాల టీకాల దాకా వేయించాక మిగతా 2,000. మన వైపు అమ్మాయిలు ఏం చేస్తారంటే అయిదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని దాచిపెడతారు, దిష్టి అంటారు, నాకూ అర్థం అవతాది, కానీ అంగన్‌వాడీ టీచరుకి మాత్రం చెప్పేయండి, ఆ తొలి చెకప్ తేదీ లేకపోతేనే మొదటి విడత ఆగిపోతా ఉండాది. అప్లై చేయడం మరిచిపోయి కాన్పు అయిపోయినా 270 రోజుల దాకా టైముంది. డబ్బు అమ్మ ఖాతాకే, ఆధార్ లింకు అయిన ఖాతాకే వస్తాది. రైస్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇట్లాంటి వాటిలో ఏదో ఒకటి ఉంటే చాలు.

నాకిది రెండో కాన్పు, మళ్ళీ ఆ డబ్బు వస్తాదా?

రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఒకేసారి వస్తాది. మగపిల్లోడైతే ఈ స్కీములో రాదు. ఆడబిడ్డ పుట్టిందని ముఖాలు మాడ్చుకొనే ఇళ్ళు ఇంకా ఉండాయి, అందుకే ఈ రూలు పెట్టారు, మంచిదే చేశారు.

నేను శ్రీసిటీలో కంపెనీలో పని చేస్తా, జీతంలో ఈఎస్ఐ పట్టుకుంటారు. కాన్పుకి ఇంట్లో ఉంటే ఆ నెలల జీతం పోయినట్టేనా?

పోదు. ఇది నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయం, ఎందుకంటే రేణిగుంట, శ్రీసిటీ వైపు పనికి పోయే ఆడపిల్లలు సగం మంది కడుపుతో ఉన్నారని తెలియగానే రిజైన్ చేసేసి ఇంట్లో కూర్చుంటా ఉండారు. నెలకి 21,000 లోపు జీతం ఉండే ఉద్యోగులకి ఈఎస్ఐ, అంటే పనోళ్ళ బీమా, ఉంటాది, మీ జీతంలో 0.75 శాతం, కంపెనీ 3.25 శాతం కడతారు. కాన్పుకి ముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే ఏప్రిల్ నించి సెప్టెంబరు, అక్టోబరు నించి మార్చి అని ఉంటాయి, ఆ రెంటిలో కలిపి 70 రోజులు మీ పేరు మీద ఈఎస్ఐ కట్టుంటే, మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు రోజు జీతం లెక్కన డబ్బు ఈఎస్ఐ నించే మీ ఖాతాకి వస్తాది. మూడో బిడ్డకైతే 12 వారాలు. సూపర్‌వైజరు "మా కాడ అట్లాంటివి లేవు" అన్నా వినొద్దు, ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. మీ ఇన్సూరెన్స్ నంబరు పేస్లిప్పు మీద ఉంటాది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. రిజైన్ లెటరు మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి తిరుపతి ఈఎస్ఐ ఆఫీసుకి పోయి ఎన్ని రోజులు కట్టారో అడగండి.

బిడ్డ పుట్టి రెండు నెలలైంది, బర్త్ సర్టిఫికెట్ ఇంకా తీయలా. అర్జెంటా?

అర్జెంటే. 21 రోజుల్లోపు అయితే ఫ్రీగా, సులువుగా అయిపోతాది. ఆ తర్వాత లేట్ ఫీజు, ఏడాది దాటితే పైఅధికారి ఆర్డరు కావాల. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్లో చేరాలన్నా ఆధార్ తీయాలన్నా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ముఖ్యం. ఆసుపత్రిలో పుట్టుంటే వాళ్ళే రిపోర్టు పంపుతారు, మీరు చూడాల్సింది తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా లేదా అని. పుట్టింటి ఇంటిపేరు ఒక కాయితంలో, అత్తింటి ఇంటిపేరు ఇంకో కాయితంలో ఉంటే అదే ఆరేళ్ళ తర్వాత స్కూలు డబ్బు కాడ మిమ్మల్ని పట్టుకుంటాది.

మేం పనికి పోతాం, అంగన్‌వాడీకి పిల్లోడిని పంపకపోయినా గుడ్లు ఇస్తారా?

మూడేళ్ళ లోపు పిల్లలకి ఇంటికే ఇచ్చే బాలామృతం ప్యాకెట్లు, గుడ్లు ఉంటాయి, పేరు రాయించుకొనుంటే చాలు. మూడు నించి ఆరేళ్ళ వాళ్ళకి మాత్రం అక్కడే అన్నం పెడతారు కాబట్టి పంపాల్సిందే. కడుపుతో ఉన్నోళ్ళు, పాలిచ్చే తల్లులు కూడా పేరు రాయించుకోవచ్చు.

## స్కూల్లో చేర్చేటప్పుడు

తల్లికి వందనం అంటే పాత అమ్మ ఒడేనా? ఎంత ఇస్తారు?

పని ఒకటే, రూలు వేరే. అమ్మ ఒడి 2020 జనవరి 9న మన చిత్తూరులోనే మొదలుపెట్టారు, అప్పుడు ఒక తల్లికి ఒక బిడ్డకే వచ్చేది. తల్లికి వందనం 2025 జూన్ 12న మొదలైంది, ఇందులో ఇంట్లో ఎంతమంది పిల్లలు చదవతా ఉంటే అంతమందికీ ఇస్తారు, ఒక్కో బిడ్డకి 15,000 లెక్క. ఒకటో తరగతి నించి ఇంటర్ దాకా. రైస్ కార్డు ఉండాల, బిడ్డకి 75 శాతం హాజరు ఉండాల, కుటుంబం ఆదాయం నెలకి పల్లెల్లో 10,000, టౌన్లో 12,000 లోపు ఉండాల. ఆ మొదటిసారి 67 లక్షల పైచిలుకు పిల్లలకి ఇచ్చారు. ఎల్‌కేజీ, యూకేజీకి ఇందులో లేదు, ఇది మాత్రం రోజుకి పదిమందికి చెప్తా ఉంటా.

15 వేలు అన్నారు, నాకు 13 వేలే పడింది, మధ్యలో ఎవరు తిన్నారు?

ఎవరూ తినలేదక్కా. ఒక్కో బిడ్డ మీద 2,000 స్కూళ్ళ మెయింటెనెన్స్‌కి, అంటే బాత్‌రూములు, స్కూలు బాగుచేయడం వాటికని పక్కన పెట్టి తల్లి ఖాతాకి 13,000 వేస్తారు. ఇద్దరు పిల్లలుంటే 26,000, ముగ్గురుంటే 39,000. ఖాతాలో ఆ లెక్క వచ్చుంటే సరిగ్గా వచ్చినట్టే. మీ స్కూల్లో బాత్‌రూముకి నీళ్ళు లేవంటే మాత్రం అడిగే హక్కు మీకుంది, ఆ 2,000 మీ బిడ్డ పేరు మీద తీసిందే.

మా పిలకాయలు ప్రైవేటు స్కూలు, వాళ్ళకీ వస్తాదా?

గుర్తింపు ఉన్న స్కూలైతే ప్రైవేటైనా వస్తాది. స్కూలోళ్ళు బిడ్డ వివరాలు ఆన్‌లైన్లో సరిగ్గా ఎక్కించుండాల, తల్లి ఆధార్ నంబరు కూడా. కొన్ని చిన్న స్కూళ్ళు వేరే స్కూలు పేరు మీద పిల్లల్ని చూపిస్తా ఉంటాయి, చేర్చే ముందే "మా పిల్లోడి పేరు ఏ స్కూలు కోడ్ మీద ఎక్కిస్తారు సార్" అని అడగండి. మొహమాటపడొద్దు, ఫీజు కట్టేది మీరు.

ప్రైవేటు స్కూల్లో 25 శాతం సీట్లు ఫ్రీ అంట, నిజమా?

నిజమే, అది విద్యాహక్కు చట్టం 2009లో 12(1)(సి) సెక్షను. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు మాత్రమే, మధ్యలో మూడో తరగతికో నాలుగో తరగతికో అడిగితే కాదు. ఎస్సీ, ఎస్టీ, అనాథలు, వికలాంగ పిల్లలు, ఆదాయం తక్కువ ఉన్న మిగతా కులాల వాళ్ళకి వాటాలు ఉంటాయి. ఇంటికి దగ్గర స్కూలుకి ముందు ఇస్తారు, ఎక్కువ మంది ఉంటే లాటరీ. ఎండాకాలంలో నోటిఫికేషను వస్తాది, సచివాలయంలో గానీ, ఇంటర్నెట్ సెంటర్లో గానీ వేయించొచ్చు. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకాయన కూతురికి ఇట్లే సీటు వచ్చింది, ఆయన ఆ అలాట్‌మెంటు లెటరుకి నా కాడే నాలుగు కాపీలు తీయించుకొని ఒకటి దేవుడి పటం కింద పెట్టుకున్నాడు.

మాది నగరి, నేను పుట్టింది తిరుత్తణి. నా ఆధార్ తమిళనాడు అడ్రసు మీదే ఉండాది, ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే, మన జిల్లాల్లో ఇది చాలా మందికి ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు, కుప్పం, ఎటు చూసినా అవతల తమిళనాడో కర్ణాటకో, కోడళ్ళు అటు నించే వస్తారు. ఆధార్‌లో అడ్రసు అక్కడిది ఉన్నంత వరకు చాలా మందిని ఇక్కడ సచివాలయం కుటుంబం లిస్టులో కలపరు, కలపకపోతే రైస్ కార్డులో పేరు ఎక్కదు, ఎక్కకపోతే బిడ్డకి తల్లి లేనట్టే చూపిస్తాది. ముందు ఆధార్ సెంటర్లో అడ్రసు ఇక్కడికి మార్పించండి, తర్వాత సచివాలయంలో మ్యారేజీ కింద కుటుంబంలో చేర్పించుకోండి, ఆ తర్వాత రైస్ కార్డులో మెంబర్ యాడింగ్. ఇదే వరసలో పోండి, తిరగేసి పోతే మళ్ళీ మొదటికే వస్తారు. పుట్టింట్లో తమిళనాడు రేషన్ కార్డులో పేరు ఉంటే అది కూడా తీయించుకోవాల.

మా ఆయన బెంగుళూరులో కట్టడం పని, పిలకాయలు మాతోనే అక్కడ చదవతా ఉండారు. కార్డు మాత్రం పలమనేరులో ఉండాది. డబ్బు వస్తాదా?

పిల్లలు ఆంధ్రాలో ఉన్న స్కూల్లో చదివితేనే తల్లికి వందనం. మొగుడు ఎక్కడ పనిచేసినా పర్వాలేదు. కొంతమంది పల్లెలో స్కూల్లో పేరుంచి బెంగుళూరులో ఉంటారు, 75 శాతం హాజరు కాడ దొరికిపోతారు, పిల్లోడి చదువూ చెడతాది. అవ్వ తాతల కాడ వదిలిపెట్టి చదివిస్తే మాత్రం డబ్బు వస్తాది, తల్లి ఊర్లో లేకపోయినా సరే.

## తల్లికి వందనం లిస్టులో పేరు లేకపోతే

కరెంటు 300 యూనిట్లు దాటిందని తీసేశారు. మేం ఉండేది ఒక్క రూము, ఒక ఫ్యాను, ఒక టీవీ! ఇదేం న్యాయం?

తిరుపతిలో ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే గొడవ, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా. గత పన్నెండు నెలల సగటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు అన్నది రూలు. కానీ ఆ యూనిట్లు మీ ఇంట్లో కాలినవి కావు, మీ ఆధార్‌కి ఏ మీటర్లు ముడిపడి ఉన్నాయో వాటి లెక్క. ఇంటి ఓనరు మీటరుకి బాడుగకి ఉన్నోళ్ళ ఆధార్ కొట్టేసి ఉంటారు, లేదంటే మీరు ముందు ఉన్న ఇంటి మీటరు ఇంకా మీ పేరు మీదే ఉంటాది, ఆ ఇంట్లో ఇప్పుడు ఏసీ పెట్టుకున్నోళ్ళు ఉంటారు. పోయినేడు ఒక పూలు కట్టే ఆమె వచ్చింది, వేళ్ళకి అరటి నార పచ్చదనం ఇంకా పోలేదు, ఆమె కరెంటు బిల్లు చూస్తే 46 యూనిట్లు. సచివాలయంలో చూపిస్తే ఆమె ఆధార్ మీద మూడు మీటర్లు ఉండాయి, రెండు ఆమె ఎప్పుడూ చూడని ఇళ్ళవి.

ఏం చేయాలంటే, ముందు సచివాలయంలో మీ ఆధార్ మీద ఉన్న సర్వీస్ నంబర్లు అన్నీ రాయించుకోండి. తర్వాత మీ ఏరియా కరెంటు ఆఫీసుకి పోయి, ఈ సర్వీసు నాది కాదు, ఆధార్ తీసేయండి అని అర్జీ ఇయ్యండి, ఆ అర్జీకి రసీదు తీసుకోండి. మీ ఇంటి ఆరు నెలల బిల్లులు, బాడుగ అగ్రిమెంటు ఉంటే అది కూడా జత చేయండి. అక్కడ సరిచేసినాక మళ్ళీ సచివాలయంలో అభ్యంతరం పెట్టాల, కరెంటు ఆఫీసులో మారింది కదా అని ఇంట్లో కూర్చుంటే లిస్టులోకి దానంతట అదే రాదు. ఆమెకి రెండు నెలలు తిరగాల్సి వచ్చింది, పని మానుకొని తిరిగింది, కానీ వచ్చింది, ఇద్దరు పిల్లలకి 26,000.

మాకు కారు ఉందని తీసేశారు, అది టాక్సీ! యాత్రికుల్ని కొండకి తోలి బతికేవాళ్ళం.

నాలుగు చక్రాల బండి ఉంటే అర్హత లేదు, కానీ టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది. చూడాల్సింది నంబరు ప్లేటు. పసుపు బోర్డు, అంటే రవాణా ఆఫీసులో టాక్సీగా రిజిస్టర్ అయ్యుంటే ఆర్‌సీ కాపీతో సచివాలయంలో అభ్యంతరం పెట్టండి, ఆ కారు అడ్డం తీసేస్తారు. సొంత వాడకం కింద తెల్ల బోర్డుతో కొని బాడుగకి తిప్పతా ఉంటే రికార్డులో అది కారే, ఏం చెప్పినా వినరు. ఇంకొకటి, బండి అమ్మేసి ఏళ్ళయినా పేరు మార్పించకుండా వదిలేసినోళ్ళు ఉండారు, కొన్నోడు తిప్పుకుంటా ఉంటాడు, ఇక్కడ మీ బిడ్డ డబ్బు ఆగిపోతాది. వెంటనే పేరు మార్పించుకోండి.

మా మరిదికి గవర్నమెంటు ఉద్యోగం, మాకెందుకు రాదంటారు? మేం వేరే కాపురం.

సచివాలయం రికార్డులో మీరిద్దరూ ఇంకా ఒకే ఇంటి కింద ఉన్నారన్నమాట. అత్తామామలు, మరిది, మీరు అందరూ ఒకే మ్యాపింగ్‌లో ఉంటే ఒకరి ఉద్యోగం అందరికీ తగులుతాది. పెళ్ళైన కొడుకు వేరే ఇంట్లో ఉంటే కుటుంబాన్ని విడదీయమని అడగొచ్చు, పెళ్ళి సర్టిఫికెట్టు, ఆధార్లు తీసుకుపోండి. మున్సిపాలిటీ పారిశుధ్య పనోళ్ళకి మాత్రం ఈ గవర్నమెంటు ఉద్యోగం రూలు నించి మినహాయింపు ఉంది, వాళ్ళని తీసేసుంటే గట్టిగా అడగండి.

ఇన్‌కమ్ ట్యాక్స్ కడతా ఉండావని చూపిస్తా ఉండాది. నేను ఇళ్ళల్లో పని చేసుకునే దాన్ని, ట్యాక్స్ ఏందమ్మా?

ఎప్పుడన్నా లోను ఇప్పిస్తానని ఎవరికన్నా పాన్ కార్డు ఇచ్చినారా గుర్తు చేసుకోండి. లోను కోసం ఐటీ రిటర్ను వేయించే ఏజెంట్లు ఉంటారు, లేని ఆదాయం చూపించి వేసేస్తారు, మనకి తెలియను కూడా తెలియదు. మీ పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులో లాగిన్ అయ్యి ఏమేం రిటర్నులు వేసి ఉన్నారో చూడండి, రాకపోతే తెలిసిన ఆడిటరుతో చూపించుకోండి. ఇంట్లో భర్త పేరు మీద ఉన్నా, పెద్ద కొడుకు పేరు మీద ఉన్నా మీకు ఇట్లే చూపిస్తాది. దయచేసి పాన్ కాపీ ఎవరికీ ఊరికే ఇయ్యొద్దు, ఇస్తే దాని మీద అడ్డంగా గీత గీసి ఎందుకు ఇస్తా ఉండారో రాసి ఇయ్యండి.

పొలం ఉంటే రాదా?

తరి మూడు ఎకరాల లోపు, మెట్ట పది ఎకరాల లోపు, రెండూ కలిపి పది ఎకరాల లోపు ఉంటే వస్తాది. టౌన్లో అయితే సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు.

## లిస్టులో పేరుంది, డబ్బు మాత్రం రాలేదు

పక్కింటామెకి పడింది, నాకు పడలా. నా పాసుబుక్కు ఎంట్రీ వేయిస్తే ఏమీ లేదు.

మీకు ఎన్ని ఖాతాలు ఉండాయో ముందు లెక్కపెట్టండి. ఈ డబ్బు మీరు ఇచ్చిన ఖాతా నంబరుకి రాదు, మీ ఆధార్‌కి ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య డబ్బు పంపకం చూసే సంస్థలో, ఏ బ్యాంకు ముడిపడి ఉందో దానికి పోతాది. ఒక ఆధార్‌కి ఒక్క బ్యాంకే ముడిపడతాది, ఆఖరున ఏది లింకు చేస్తే అది. డ్వాక్రా గ్రూపుకి ఒక ఖాతా, గ్యాసుకి ఒకటి, ఎవరో సిమ్ కార్డు అమ్మేవాడు వేలిముద్ర తీసుకొని తెరిచినది ఒకటి, ఆ మూడో దాంట్లో డబ్బు కూర్చోనుంటాది, మీకు తెలియదు. ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటాది, ఓటీపీ కొడితే బ్యాంకు పేరు చూపిస్తాది. చూపించిన బ్యాంకుకి పోయి అడగండి. ఏ బ్యాంకూ చూపించకపోతే మీ ఖాతా ఉన్న బ్యాంకులో "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయండి" అని ఫారం ఇయ్యండి. ఉత్త ఆధార్ లింకు అంటే వాళ్ళు కేవైసీ చేసి పంపించేస్తారు, అది వేరే, ఇది వేరే, మ్యాపింగ్ అన్న మాటే వాడండి. పోస్టాఫీసులో పోస్టల్ పేమెంట్ బ్యాంకు ఖాతా తెరిచినా మ్యాపింగ్ అయిపోతాది, చాలా మంది అట్లే చేయించుకుంటా ఉండారు.

మేం ఎస్సీ. నా పెద్దోడు తొమ్మిదో తరగతి, వాడికి 10,900 పడింది, చిన్నదానికి 13,000 పడింది. తేడా ఏంటి?

తొమ్మిది, పది చదివే ఎస్సీ పిల్లలకి కేంద్రం స్కాలర్‌షిప్పు ఉంటాది. అందులో కేంద్రం వాటా 2,100 తల్లికి కాకుండా నేరుగా పిల్లోడి ఖాతాకి వేస్తారు, అందుకే మీకు 10,900 వచ్చింది. ఇప్పుడు చేయాల్సింది పిల్లోడి పేరు మీద ఖాతా తెరిచి వాడి ఆధార్‌కి మ్యాపింగ్ చేయించడం. అది లేకపోతే ఆ 2,100 రాదు. ఇంటర్ చదివే ఎస్సీ పిల్లలకి కూడా కేంద్రం వాటా ఇట్లే విడిగా పోతాది.

డబ్బు పడింది, మర్నాటికి బ్యాంకోళ్ళు కట్ చేసుకున్నారు. అడగొచ్చా?

అడగండి. నాకే జరిగింది, మినిమం బ్యాలెన్సు లేదని ఏడాది పెనాల్టీ అంతా ఒకేసారి తీసేసుకున్నారు, అది మా అమ్మాయి ఫీజు కట్టాల్సిన వారం. మేనేజరు కాడికి పోయి ఇది పిల్లల చదువు కోసం గవర్నమెంటు వేసిన డబ్బు అని రాతపూర్వకంగా ఇచ్చాక సగం వెనక్కి వేశారు. నోటితో చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోలా, కాయితం ఇచ్చి స్టాంపు అడిగినాకే కదిలింది. జన్‌ధన్ ఖాతాకైతే మినిమం బ్యాలెన్సే లేదు, డబ్బు వచ్చే ఖాతా అట్లాంటిది పెట్టుకోవడం మేలు.

ఒకాయన 1,000 ఇస్తే లిస్టులో పేరు ఎక్కిస్తానన్నాడు, ఇయ్యనా?

ఇయ్యొద్దు. బయటోళ్ళు ఎవరూ లిస్టులో పేరు ఎక్కించలేరు. ఓటీపీ చెప్పమన్నా చెప్పొద్దు.

సచివాలయంలో రేపు రా, మాపు రా అంటా ఉండారు. ఇంగ యాడికి పోవాల?

ముందు మీ కారణం ఏందో తెలుసుకోండి, "ఇనెలిజిబుల్" అన్న మాట చాలదు, ఎందుకు అన్నది వాళ్ళ లాగిన్లో ఉంటాది, వెల్ఫేర్ అసిస్టెంట్‌ని ఆ కారణం కాయితం మీద రాసియ్యమనండి. మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009కి హాయ్ అని పెడితే గవర్నమెంటు సర్వీసులు వస్తాయి, స్టేటస్ అక్కడ కూడా చూసుకోవచ్చు. అభ్యంతరాలకి గడువు పెడతారు, ఆ గడువులోనే పెట్టాల, పిల్లోడి స్కూలు తెరిచిన మొదటి వారం ఒక పూట పని పోయినా సరే పోండి. అప్పటికీ కాకపోతే గవర్నమెంటు ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి అర్జీ నంబరు తీసుకోండి, లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాది, తిరుపతిలో, చిత్తూరులో రెండు చోట్లా. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు ఉంటాది కాబట్టి అది మళ్ళీ మీ సచివాలయానికే వచ్చి కూర్చుంటాది, అప్పుడు వాళ్ళే ఫోన్ చేస్తారు.

## ఇంట్లో కష్టం వచ్చినప్పుడు

మా ఆయన పోయి ఏడాదైంది. ఇద్దరు పిలకాయలు. హోటల్లో పనికి పోతా ఉండా. స్కూలు డబ్బు కాకుండా నెలనెలా ఏమైనా వస్తాదా?

వస్తాది, కానీ ఈ సంగతి చాలా మందికి తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. మిషన్ వాత్సల్య అని కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకంలో స్పాన్సర్‌షిప్ ఉంది, బిడ్డకి నెలకి 4,000. భర్త చనిపోయిన వాళ్ళు, వదిలేసిన వాళ్ళు, విడాకులైన వాళ్ళు, తల్లిదండ్రులకి ప్రాణాంతకమైన జబ్బు ఉన్నవాళ్ళు, అవ్వ తాత కాడ పెరిగే అనాథ పిల్లలు, వీళ్ళకి. కుటుంబం ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, టౌన్లో 96,000 దాటకూడదు. ఇది జిల్లా బాలల పరిరక్షణ విభాగం చూస్తాది, అంగన్‌వాడీ సూపర్‌వైజరుని అడిగితే దారి చెప్తారు. డెత్ సర్టిఫికెట్టు, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, బిడ్డ పేరు మీద బ్యాంకు ఖాతా రెడీ పెట్టుకోండి. కమిటీ చూసి ఒప్పుకోవాల, బడ్జెట్టు వచ్చినప్పుడు ఇస్తారు, లేటవతాది, అప్లై మాత్రం చేసి పెట్టండి. వితంతు పింఛను 4,000 కూడా మీ హక్కే, కొత్త అప్లికేషన్లు తీసుకొనేటప్పుడు సచివాలయంలో పెట్టండి.

తల్లి లేని పిల్లలకి తల్లికి వందనం ఎవరికి వేస్తారు?

తండ్రికి, తండ్రి కూడా లేకపోతే పెంచే గార్డియన్‌కి. స్కూల్లో, సచివాలయంలో రెండు చోట్లా తల్లి పేరు బదులు ఆ పెంచేవాళ్ళ ఆధార్ ఎక్కించాల, డెత్ సర్టిఫికెట్టు చూపించాల. పెంచే అవ్వకి వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే ముందే ఆధార్‌కి ఫోన్ నంబరు లింకు చేయించండి.

మా పాపకి పుట్టుకతో కాలు సరిగ్గా లేదు, పిల్లలకి కూడా పింఛను ఇస్తారా?

ఇస్తారు, వయసు అడ్డం కాదు. సదరం క్యాంపులో, అంటే డాక్టర్లు వైకల్యం ఎంతుందో చూసే క్యాంపులో, 40 శాతం పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్టు వస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 6,000. క్యాంపుకి స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేయాల, స్లాట్లు తెరిచిన రోజే అయిపోతాయి కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి.

మా ఇంటాయన సొంత ఆటో. ఆటో డబ్బు తీసుకుంటే పిల్లల డబ్బు ఆపేస్తారా?

రెండూ వేరే. 2025 అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో అని సొంత ఆటో, టాక్సీ నడిపేవాళ్ళకి 15,000 ఇచ్చారు. దాని వల్ల తల్లికి వందనం ఆగదు. ఆర్‌సీ, లైసెన్సు ఆయన పేరు మీదే ఉండాల, ఫైనాన్సులో ఇంకొకరి పేరు మీద తీసిన బండికి రాదు.

## పెద్ద క్లాసులకి వచ్చాక

మా పిల్లోడు ఎనిమిదో తరగతి, గవర్నమెంటు స్కూలు, బాగా చదవతాడు. వేరే స్కాలర్‌షిప్ ఏమైనా ఉందా?

ఎన్ఎంఎంఎస్ అని కేంద్రం స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, అది రాయించండి. ఎనిమిదో తరగతిలోనే రాయాల, సెలెక్ట్ అయితే తొమ్మిది నించి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్ళు. గవర్నమెంటు, మున్సిపల్, ఎయిడెడ్ స్కూలు పిల్లలకే, ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు. హెడ్‌మాస్టరు అప్లై చేయాల, దసరా లోపే ఒకసారి పోయి అడగండి, లేదంటే తేదీ దాటిపోయినాక తెలుస్తాది. సెలెక్ట్ అయినాక ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేయాల, అది మరిచిపోయి రెండో ఏడాది పోగొట్టుకున్నోళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

ఇంటర్లో చేరినాక మధ్యాహ్నం అన్నం కూడా పెడతారంట?

గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నించి డొక్కా సీతమ్మ పేరు మీద మధ్యాహ్న భోజనం పెడతా ఉండారు. పదో తరగతి దాకా గవర్నమెంటు స్కూల్లో భోజనం, బ్యాగు, బూట్లు, యూనిఫాం గుడ్డ, పుస్తకాలు ఎట్లాగూ ఉంటాయి. ఇంటర్ మొదటి ఏడాది చేరిన పిల్లలకి తల్లికి వందనం కొంచెం ఆలస్యంగా వేశారు 2025లో, ఒకటో తరగతి పిల్లలకీ అంతే, అడ్మిషన్లు అయిపోయినాక జులైలో. కాబట్టి జూన్లో పడలేదని కంగారుపడి చెవి కమ్మలు తాకట్టుకి తీసుకుపోవద్దు, కాలేజీ వాళ్ళని ఒక నెల గడువు అడగండి.

పడిన డబ్బులో కొంచెం పాప పేరు మీద దాచాలనుకుంటా ఉండా. యాడ పెడితే మంచిది?

పాపకి పదేళ్ళు నిండకపోతే సుకన్య సమృద్ధి ఖాతా, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో. ఏడాదికి కనీసం 250, ఎక్కువంటే లక్షన్నర. 2024 జనవరి నించి వడ్డీ 8.2 శాతం ఇస్తా ఉండారు, ప్రతి మూడు నెలలకీ గవర్నమెంటు చూసి చెప్తాది. పదిహేనేళ్ళు కట్టాల, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్ళకి చేతికి వస్తాది, పాపకి పద్దెనిమిదేళ్ళు నిండినాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి తెరవొచ్చు. మధ్యలో అవసరమైతే తీసుకోవడం కష్టం, కాబట్టి ఫీజు డబ్బు ఇందులో పెట్టొద్దు, మిగిలిందే పెట్టండి. పోయేటప్పుడు పాప బర్త్ సర్టిఫికెట్టు, మీ ఆధార్, పాన్, రెండు ఫోటోలు. పాన్ లేకపోతే దాని బదులు నింపే ఫారం అక్కడే ఇస్తారు.